10×10 గదిలో ఇంటి జిమ్: కొలతల నుంచి బిగింపు దాకా

అపార్ట్‌మెంట్‌లో 10×10 అడుగుల గది ఒకటి ఖాళీగా ఉన్నవాళ్ల కోసం ఈ మార్గదర్శి. అది మూడో బెడ్‌రూమ్ కావచ్చు, పిల్లలు హాస్టల్‌కు వెళ్లాక ఖాళీ అయిన గది కావచ్చు. గదే లేకపోతే హాల్లో 6×8 అడుగుల మూలతో సరిపెట్టుకోవచ్చు. కొలతలు మారతాయి గానీ పని వరుస మారదు. ముందు ఏ వ్యాయామాలు చేస్తారో తేల్చుకోవాలి, తర్వాత గది కొలవాలి, ఆపైన గోడలు, కరెంటు, నేల చూసుకోవాలి. పరికరాలు అన్నిటికంటే ఆఖర్న. ముందే ట్రెడ్‌మిల్ కొనేసి తర్వాత దానికి చోటు వెతికిన ఇళ్లలో అది చాలావరకు బట్టలారేసే స్టాండుగానే మిగిలిపోతోంది.

1. ముందు వ్యాయామాల జాబితా రాయండి

కాగితం మీద పరికరాల పేర్లు రాయొద్దు. వారంలో నిజంగా చేసే వ్యాయామాలు రాయండి. ఎదురుగా ఒక్కోదానికి ఎంత చోటు కావాలో వేయండి. సుమారుగా ఇలా ఉంటుంది:

- సూర్య నమస్కారాలు, యోగా: 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. మ్యాట్ 6 అడుగులే ఉంటుంది గానీ చేతులు, కాళ్లు దాని అంచు దాటతాయి.
- దండీలు, బస్కీలు: 7×4 అడుగులు.
- బెంచ్ మీద డంబెల్స్: 7×7 అడుగులు. బెంచ్ పొడవు 4 అడుగులే అయినా తల వైపు, కాళ్ల వైపు, రెండు చేతుల పక్కన ఖాళీ ఉండాలి.
- స్కిప్పింగ్: పక్కలకు 7 అడుగులు, తలపైన కనీసం అడుగున్నర.
- ఎక్సర్‌సైజ్ సైకిల్: యంత్రానికి 4×2 అడుగులు, ఎక్కి దిగడానికి ఒక పక్క 2 అడుగులు.
- ట్రెడ్‌మిల్: యంత్రానికి 6×3 అడుగులు, వెనక మరో ఆరున్నర అడుగులు, పక్కలకు అడుగున్నర చొప్పున.

ఆఖరి లెక్క ఇంకోసారి చూడండి. ఆరు, ఆరున్నర కలిస్తే పన్నెండున్నర అడుగులు. అంటే 10 అడుగుల గదిలో ట్రెడ్‌మిల్‌ను గోడ వెంబడి నేరుగా, పద్ధతిగా పెట్టడం కుదరదు. వెనక గోడ దగ్గరగా ఉంటే, కాలు తప్పినప్పుడు మనిషి గోడకూ తిరిగే బెల్టుకూ మధ్య ఇరుక్కుంటాడు. తప్పదనుకుంటే మూల నుంచి మూలకు ఐమూలగా పెట్టండి, లేదా తెరిచిన తలుపు సరిగ్గా వెనక వచ్చేలా పెట్టండి. ఈ సైజు గదికి మా సలహా మాత్రం సైకిలే. కరెంటు అక్కర్లేనివి ఉన్నాయి, కింది ఇంటికి చప్పుడు వినిపించదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా తొక్కుకోవచ్చు.

ఇంట్లో ఇంకెవరు వాడతారో కూడా అదే కాగితం మీద రాయండి. అమ్మానాన్నలు వాడేటట్టయితే గోడకు ఆనించిన, చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి, నడుము ఎత్తులో పట్టుకోవడానికి ఒక రాడ్ ఇప్పుడే లెక్కలోకి రావాలి. గది నిండిపోయాక వాటికి చోటు దొరకదు.

2. టేపుతో కొలవండి, నేల మీద గీయండి

కొలవాల్సినవి:

- గోడ నుంచి గోడకు పొడవు, వెడల్పు. స్కర్టింగ్ లోపలి అంచు నుంచి కొలవాలి.
- నేల నుంచి పైకప్పుకు, నేల నుంచి ఫ్యాన్ రెక్కలకు ఎత్తు.
- అటక (సజ్జ) అడుగు ఎత్తు. ఎక్కువ ఇళ్లలో ఇది 7 అడుగుల దగ్గర ఉంటుంది.
- తలుపు లోపలికి తెరుచుకుంటే అది తిరిగే మేర, తలుపు అడుగున సందు ఎన్ని మిల్లీమీటర్లు.
- స్విచ్‌బోర్డులు, ఏసీ, కిటికీ ఎక్కడెక్కడ ఉన్నాయి.

తర్వాత మాస్కింగ్ టేపు తెచ్చి, వ్యాయామం చేసే చోటు, సైకిల్ చోటు, బెంచ్ చోటు నేల మీద గీసినట్టు అంటించండి. ఒక వారం ఖాళీ చేతులతోనే ఆ గీతల్లో వ్యాయామం చేయండి. చేయి ఎక్కడ గోడకు తగులుతోందో, తలుపు తీస్తే ఎవరికి కొట్టుకుంటుందో, మధ్యాహ్నం ఎండ ఏ మూల పడుతోందో ఈ వారంలోనే తెలిసిపోతుంది. టేపు పీకి మళ్లీ అంటించుకోవచ్చు. కొన్న యంత్రాన్ని షాపువాడు వెనక్కి తీసుకోడు.

3. తల పైన ఏముందో చూడండి

చాలా ఫ్లాట్లలో పైకప్పు తొమ్మిదిన్నర అడుగులుంటే ఫ్యాన్ రెక్కలు ఎనిమిదింపావు, ఎనిమిదిన్నర అడుగుల దగ్గర తిరుగుతాయి. చేతులు పైకెత్తి పిడికిలి బిగించి ఎవరిచేతనైనా ఎత్తు కొలిపించుకోండి. దానికి ఒక అడుగు కలపండి. డంబెల్‌కూ, కాలి మునివేళ్ల మీద లేచినప్పటి ఎత్తుకూ ఆ అడుగు సరిపోతుంది. ఈ కొలతకూ రెక్కలకూ మధ్య కనీసం అర అడుగు మిగలకపోతే ఫ్యాన్ కింద ఓవర్‌హెడ్ ప్రెస్ (బరువును తల పైకెత్తే వ్యాయామం) చేయొద్దు. స్కిప్పింగ్ అసలే వద్దు.

తేలికైన మార్గం సీలింగ్ ఫ్యాన్ తీసేసి, 16 అంగుళాల వాల్ ఫ్యాన్‌ను మూలలో 7 అడుగుల ఎత్తున బిగించడం. గాలి నేరుగా ఒంటికి తగులుతుంది, గది మధ్య అంతా ఖాళీ అవుతుంది.

ఫ్యాన్ తీశాక కొక్కెం ఖాళీగా కనిపిస్తుంది. దానికి పంచింగ్ బ్యాగ్ గానీ, ఒంటి బరువుతో లాగే బెల్టులు గానీ కట్టొద్దు. అది ఫ్యాన్ బరువుకు వేసిన కొక్కెం. ఊగే బరువు, కుదుపుతో లాగే బరువు దానిమీద చాలా రెట్లు పడుతుంది.

అటక కింద నిలబడి చేతులెత్తే వ్యాయామాలు చేయొద్దు. అటక మీది సామాను, ముఖ్యంగా ఇత్తడి బిందెలు, పాత పెట్టెలు, అంచుకు దూరంగా లోపలికి జరపండి. రోజూ నేల అదిరితే అవి మెల్లగా ముందుకు జరుగుతాయి.

4. అది ఏ గోడో కనుక్కోండి

చేతులతో వేలాడి ఒంటిని పైకి లాక్కునే పుల్‌అప్ బార్ ఊడిపోవడానికి ఎక్కువసార్లు కారణం బార్ కాదు, దాని వెనక గోడ. 6 ఎంఎం బిట్‌తో కనిపించని చోట చిన్న రంధ్రం వేసి, ప్లాస్టరింగ్ దాటాక వచ్చే పొడి చూడండి.

- ఎర్ర పొడి: మట్టి ఇటుక. తొమ్మిదించుల గోడైతే 10 లేదా 12 ఎంఎం యాంకర్ బోల్టులు ఇటుక మధ్యలో దిగేలా వేయొచ్చు. ఇటుకల మధ్య సిమెంటు జాయింట్‌లో వేస్తే పట్టు ఉండదు. నాలుగున్నర ఇంచుల పార్టిషన్ గోడకు బార్ వద్దు.
- బూడిద రంగు పొడి, బిట్ ఓ మోస్తరుగా దిగుతుంది: ఫ్లై యాష్ ఇటుక. దీనికీ పై నియమాలే.
- తెల్లటి మెత్తటి పొడి, బిట్ బలం పెట్టకుండానే దిగిపోతుంది: ఏఏసీ బ్లాక్ (లోపల గాలి బుడగలున్న తేలికపాటి సిమెంటు బ్లాకు). ఈమధ్య కట్టిన అపార్ట్‌మెంట్లలో ఇదే ఎక్కువ. మామూలు ఎక్స్‌పాన్షన్ బోల్టు బిగించేకొద్దీ బ్లాకు లోపల నలిగి వదులవుతుంది. ఆరపార బోల్టు వేసి అవతలి వైపు ఇనుప ప్లేటు పెట్టించాలి. లేదంటే కాంక్రీటు పిల్లర్, బీమ్ వెతుక్కోవాలి.
- గట్టి బూడిద పొడి, హ్యామర్ డ్రిల్ లేకుండా దిగదు: కాంక్రీటు. పట్టు బాగుంటుంది. బిట్ లోపల ఇనుముకు తగిలి ఆగితే బలవంతపెట్టొద్దు, రంధ్రం పక్కకు జరపండి. గోడలన్నీ కాంక్రీటుతో పోసిన టవర్లలో ముందు అసోసియేషన్‌ను అడగండి.

స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా డ్రిల్ వేయొద్దు, వైర్లు అక్కడే వెళ్తాయి. బాత్రూమ్‌ను ఆనుకున్న గోడలో నీటి పైపులుంటాయి.

బార్ ఎత్తు ఏడున్నర అడుగులు పెడితే పైన 2 అడుగులు మిగులుతాయి. గడ్డం బార్ దాటినప్పుడు తల పైకప్పుకు తగలదు. బిగించిన రోజే వేలాడొద్దు. కాళ్లు స్టూలు మీద ఉంచి సగం బరువే వేసి, బోల్టుల చుట్టూ పగులు గానీ, రాలుతున్న పొడి గానీ ఉందేమో చూడండి.

ఆన్‌లైన్‌లో కనిపించే, ద్వారబంధం పైఅంచుకు తగిలించే బార్లు మన తలుపులకు సాధారణంగా నిలవవు. వాటికి ఫ్రేమ్ చుట్టూ గోడ మీదికి పొడుచుకొచ్చిన చెక్క అంచు ఉండాలి. మన దర్వాజాలు గోడతో సమంగా ఉంటాయి. అద్దె ఇల్లయితే గోడ జోలికి పోకుండా నేల మీద నిలబడే పుల్‌అప్ టవర్ తీసుకోండి. దాని ఎత్తు, అడుగు వెడల్పు కొలిచి, ఫ్యాన్‌కు దూరంగా నిలుస్తుందని చూశాకే కొనండి.

రబ్బరు బ్యాండ్లను తలుపుకు బిగించేవాళ్లు ఒక్క సంగతి చూడాలి. లాగినప్పుడు తలుపు మూసుకునే వైపు బలం పడాలి. గదిలోకి తెరుచుకునే తలుపును గదిలోంచే లాగితే భారమంతా గొళ్లెం మీద పడుతుంది.

5. కరెంటు, గాలి, వెలుతురు

ట్రెడ్‌మిల్ పెడితే ఎర్తింగ్ సరిగా ఉన్న 16 ఆంప్స్ సాకెట్ దానికొక్కదానికే ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. ఇన్వర్టర్ లైనుకు కలపొద్దు, ఇంట్లో వాడే చిన్న ఇన్వర్టర్ మోటారు స్టార్టింగ్‌కే ట్రిప్ అవుతుంది. కరెంటు పోతే బెల్టు ఉన్నట్టుండి ఆగుతుంది కాబట్టి సేఫ్టీ క్లిప్ చొక్కాకు పెట్టుకోవడం, పక్క కడ్డీ చేతికి అందేలా నడవడం అలవాటు చేసుకోండి. లైటు, వాల్ ఫ్యాన్ మాత్రం ఇన్వర్టర్ మీదే ఉంచండి.

గాలికి రెండు దారులు కావాలి, ఒకటి రావడానికి, ఒకటి పోవడానికి. కిటికీ ఒక్కటే ఉంటే ఎదురు గోడలో లేదా వెంటిలేటర్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. ఏసీ పెట్టేటట్టయితే ఈ గదికి 1 టన్ను సరిపోతుంది.

గది ఏ దిక్కున ఉండాలన్న వాస్తు సంగతి ఇంట్లో పెద్దవాళ్లతో తేల్చుకోండి. వేడి సంగతి మాత్రం ఇది: పడమటి గోడ మధ్యాహ్నమంతా ఎండకు కాగి, రాత్రి ఎనిమిది దాకా లోపలికి వేడి వదులుతుంది. పై అంతస్తు స్లాబు కూడా అంతే. అలాంటి గదైతే ఎండాకాలంలో వ్యాయామం తెల్లవారుజామునే పెట్టుకోవాలి. సాయంత్రమే కుదురుతుందనేవాళ్లు గదే మార్చుకోవడం నయం.

వెలుతురుకు రెండు 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు పక్క గోడల పైభాగాన చాలు. బెంచ్‌కు సరిగ్గా పైన డౌన్‌లైట్ పెడితే పడుకున్నప్పుడు కళ్లల్లో పొడుస్తుంది.

6. నేల: ఎక్కువ డబ్బు పెట్టాల్సింది ఇక్కడే

మొదట విట్రిఫైడ్ టైల్స్‌ను రూపాయి నాణెంతో తట్టండి. డొల్ల చప్పుడు వచ్చిన టైలు కింద సిమెంటు సరిగా నిండలేదన్నమాట. బరువు పడితే ముందు పగిలేది అదే. వాటి మీద వ్యాయామం చోటు రాకుండా జరపండి, లేదా ముందే మార్పించండి. తాండూరు బండలు, బేతంచర్ల నాపరాళ్లు పరిచిన పాత ఇళ్లలో ఎత్తుపల్లాలుంటాయి. మ్యాట్ ఊగుతుంటే మీద నిలబడి బరువులెత్తొద్దు.

ఏది పరవాలి?

- యోగా, సాగదీసే వ్యాయామాలు మాత్రమే అయితే 6 ఎంఎం యోగా మ్యాట్ చాలు.
- పిల్లల గదుల్లో వేసే రంగురంగుల ఇంటర్‌లాక్ ఫోమ్ మ్యాట్లు (ఈవీఏ) మోకాళ్లకు హాయిగానే ఉంటాయి గానీ బరువులకు పనికిరావు. డంబెల్ పెట్టిన చోట గుంట పడుతుంది, బస్కీలు తీసేటప్పుడు మడమ ఊగుతుంది.
- డంబెల్స్, కెటిల్‌బెల్స్ (పిడి ఉన్న ఇనుప గుండ్లు) ఉంటే 15 లేదా 20 ఎంఎం రబ్బరు టైల్స్.

గదంతా పరవక్కర్లేదు. 6×8 అడుగుల మేర చాలు. 2×2 అడుగుల టైల్స్ 12 పడతాయి. తలుపు తిరిగే మేర వదిలేయండి. 20 ఎంఎం రబ్బరు తలుపు కిందికి వస్తే తలుపు తెరుచుకోదు, తర్వాత వడ్రంగిని పిలిచి తలుపు కోయించాల్సి వస్తుంది.

కొత్త రబ్బరుకు టైర్ల వాసన ఉంటుంది. తేలికపాటి సబ్బునీళ్లతో తుడిచి, నాలుగైదు రోజులు నీడలో ఆరబెట్టి తెచ్చి పరవండి. పాలరాతి నేలైతే కింద పల్చటి షీటు వేయండి, లేకపోతే మరకలు దిగుతాయి.

రాడ్‌తో డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును వంగి పైకెత్తే వ్యాయామం) చేసేవాళ్లు రబ్బరు కింద 19 ఎంఎం ప్లైవుడ్ వేయాలి. 8×4 షీటును 6×4కు కోయిస్తే సరిపోతుంది. దెబ్బ ఒక టైలు మీద కాక విశాలంగా పడుతుంది. గ్రౌండ్ ఫ్లోర్‌లో మామూలు ప్లైవుడ్‌కు చెమ్మ, చెద రెండూ పడతాయి. ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లై తీసుకుని, కోసిన అంచులకు చెదల మందు, పెయింటు వేయించండి.

"స్లాబు తట్టుకుంటుందా?" అని చాలామంది అడుగుతారు. ఇళ్లలో గదులను మామూలుగా చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారానికి డిజైన్ చేస్తారు. 10×10 గది 9.3 చదరపు మీటర్లు. ఒక బెంచ్, 100 కిలోల బరువులు, ఇద్దరు మనుషులు ఆ లెక్కలో ఇబ్బంది కాదు. ఇబ్బంది పెట్టేది పడేయడం. పైనుంచి వదిలిన 20 కిలోల డంబెల్ టైలు పగలగొడుతుంది, కింది ఇంటివాళ్ల నిద్ర చెడగొడుతుంది. బరువుల స్టాండును గది మధ్యలో కాక, కింద బీమ్ ఉన్న గోడ పక్కన పెట్టండి. గెంతే వ్యాయామాలు, స్కిప్పింగ్ మేడ మీద చేసుకోండి. 20 ఎంఎం రబ్బరు కూడా ఆ దడదడను పూర్తిగా ఆపలేదు.

7. అద్దం

6 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 5 ఎంఎం మందం. దీని బరువు సుమారు 28 కిలోలు కాబట్టి ఒక్కరే బిగించే పని కాదు. అడుగున యూ చానల్ (U ఆకారపు లోహపు పట్టీ) మీద ఆనించి, వెనక అద్దాలకు సరిపడే న్యూట్రల్ సిలికాన్ వేయించండి. పుల్లటి వాసన వచ్చే మామూలు సిలికాన్ వెనక పూతను తినేస్తుంది, ఆరు నెలలకు నల్ల మచ్చలు తేలతాయి. పగిలినా ముక్కలు రాలకుండా వెనక సేఫ్టీ ఫిల్మ్ వేయమని కొనేటప్పుడే చెప్పాలి.

అద్దం అడుగు నేలకు 20 అంగుళాల ఎత్తున ఉండాలి. దొర్లిన డంబెల్ అప్పుడు గోడకు తగులుతుంది గానీ అద్దానికి తగలదు. నిలువుటద్దాన్ని ఊరికే గోడకు చేరవేయొద్దు.

8. పరికరాలు: ఈ వరుసలో కొనండి

1. మ్యాట్, మూడు రకాల బిగువున్న రబ్బరు బ్యాండ్లు, ఒక జత డంబెల్స్. కొత్తవాళ్లయితే 5 కిలోలవి. వీటితో రెండు నెలలు చేయండి.
2. బరువు మార్చుకునే డంబెల్స్, లేదా రాడ్, ప్లేట్లు. ప్లేట్లు కిలోల లెక్కన అమ్ముతారు.
3. వంపు మార్చుకునే మడత బెంచ్. కొనేముందు దాని మీద పడుకుని పక్కలకు కదిపి చూడండి. ఊగితే వద్దు.
4. పుల్‌అప్ బార్ లేదా టవర్.
5. ఆఖరికి సైకిల్ లాంటి యంత్రం.

రాడ్ దగ్గర రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, 7 అడుగుల ఒలింపిక్ రాడ్ కొనడం. ప్లేట్లు ఎక్కించడానికి రెండు పక్కలా 2 అడుగుల చొప్పున కావాలి, అంటే 11 అడుగులు. ఈ గదికి 5 అడుగుల రాడ్ సరిపోతుంది. కాకపోతే అది చాలా స్క్వాట్ రాక్‌ల (రాడ్‌ను ఆనించి పెట్టే నిలువు స్టాండుల) మీద సరిగా ఆనదు. రాక్ కావాలంటే రెండూ కలిపి కొలిచి కొనండి. రెండోది, 28 ఎంఎం రాడ్‌కు ఒలింపిక్ ప్లేట్లు కొనడం. వాటి రంధ్రం 50 ఎంఎం, రాడ్ మీద గలగల ఊగుతాయి.

వాడిన ట్రెడ్‌మిల్ కొంటుంటే ఖాళీగా తిప్పి చూపిస్తే ఒప్పుకోవద్దు. మీరే ఎక్కి 20 నిమిషాలు నడవండి. బెల్టు కాలు పడ్డప్పుడల్లా ఆగి జారుతున్నా, కాలిన వాసన వచ్చినా వదిలేయండి.

విశాఖ, కాకినాడ, బందరు వైపు ఉప్పుగాలికి క్రోమ్ పూత త్వరగా పొక్కుతుంది. అక్కడ రబ్బరు తొడుగున్న డంబెల్సే మేలు.

9. ఒక అమరిక

మీరు లోపలికి వచ్చే తలుపు దాని గోడకు ఎడమ చివర ఉందనుకుందాం. కిటికీ ఎదురుగోడకు ఉంది.

- కుడి గోడకు అద్దం. దాన్ని ఆనుకుని 6×8 రబ్బరు నేల. 8 అడుగుల వైపు గోడ వెంబడి, కిటికీ గోడ నుంచి మొదలు.
- తలుపు గోడ వైపు మిగిలిన 2 అడుగుల పట్టీలో డంబెల్ స్టాండ్, నిలబెట్టిన మడత బెంచ్. బరువైనవి కింది అరలో.
- కిటికీ దగ్గర ఎడమ మూలలో సైకిల్.
- తలుపు దగ్గర 3×3 అడుగులు ఖాళీ. గుమ్మం పక్కన చిన్న పట్టా మీద గదిలో వాడే బూట్లు. ఇవి వీధిలోకి వెళ్లకూడదు.
- వాల్ ఫ్యాన్ కిటికీ పక్క మూలలో, గాలి రబ్బరు నేల మీదికి వచ్చేలా.

చిన్నపిల్లలున్న ఇంట్లో తలుపుకు పైన గడియ పెట్టించండి. కదిలే సైకిల్ చక్రం, డంబెల్ స్టాండ్ రెండూ వేళ్లు నలిపేవే.

10. ఇబ్బంది వస్తే

- రబ్బరు టైల్స్ మధ్య సందులు పడుతున్నాయి: అంచులు గోడకు ఆనలేదు. గోడకు ఆనని వైపులా అల్యూమినియం పట్టీ బిగిస్తే ఆగుతుంది.
- గది ముక్కవాసన: మ్యాట్ల కింద చెమ్మ. నెలకోసారి రబ్బరు ఎత్తి కింద తుడిచి, పూర్తిగా ఆరాకే పరవండి.
- కింది ఇంటి నుంచి ఫిర్యాదు: ముందు వాళ్లింటికి వెళ్లి, పైన మరొకరిచేత అదే వ్యాయామం చేయించి వినండి. సాధారణంగా చప్పుడు గెంతులదో, డంబెల్ కింద పెట్టేటప్పటిదో. స్టాండ్ కాళ్ల కింద కూడా రబ్బరు ముక్కలు పెట్టండి.
- రాడ్‌కు తుప్పు: వైర్ బ్రష్‌తో రుద్ది, మెషిన్ ఆయిల్ చుక్క గుడ్డ మీద వేసి పల్చగా తుడవండి. చెమట చేతుల ఉప్పు కూడా తుప్పుకు కారణమే కాబట్టి వాడాక పొడిగుడ్డతో తుడవాలి.

11. నెలకోసారి చూసేవి

- బార్ బోల్టులు, బెంచ్ పిన్నులు వదులయ్యాయా?
- బ్యాండ్లు సాగదీసి చూస్తే సన్నటి పగుళ్లున్నాయా? ఉంటే అతికించొద్దు, పారేయండి. కిటికీ ఎండలో వేలాడదీస్తే ఒక్క వేసవికే పోతాయి.
- అద్దం చానల్ స్క్రూలు గట్టిగా ఉన్నాయా?
- ట్రెడ్‌మిల్ ఉంటే బెల్టు మధ్యలోనే తిరుగుతోందా? ఒక పక్కకు జరిగితే వెనక రోలర్ బోల్టును పావు చుట్టు చొప్పున తిప్పి, నిమిషం నడిపి చూసి, అవసరమైతేనే మళ్లీ తిప్పాలి. కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువుకు బెల్టు కింద సిలికాన్ ఆయిల్ వేయాలి. కొబ్బరినూనె, గ్రీజు వేయొద్దు.